మిల్లు గేటు దగ్గర తిప్పమ్మ

ఆదోని,
మార్చి 1956

నాయనా,

నీ కూతురు సువార్తమ్మ వందనాలు. నాకు మిల్లులో పని పోయిందని ఇక్కడికి వచ్చిన మన హొళగుంద బండివాళ్లు నీకు చెప్పే ఉంటారు. దిగులుపడవద్దు, పనిలోనే ఉన్నాను.

పోయిన వారం మిల్లులో పత్తి కుప్ప అంటుకుంది. మంట త్వరగానే ఆర్పేశాం. కూలి మనిషి తిప్పమ్మ వంట చేసుకున్న పొయ్యి వల్లే అంటుకుందని మేస్త్రి ఉరుకుందప్ప మిల్లు సావుకారికి చెప్పాడు. తిప్పమ్మ నా చేతి నీళ్లు ముట్టని మనిషే. అయినా అబద్ధం వింటూ ఊరుకోలేకపోయాను. "పత్తి కాడ బీడీ పారేసింది మేస్త్రే సామీ, నా కండ్లతో చూసినాను" అన్నాను. మర్నాడు మేస్త్రి నన్ను గేటు దగ్గరే ఆపి, "నీకు ఈడ పని లేదు, పో" అన్నాడు.

అది విని తిప్పమ్మ గేటుకు అడ్డంగా కూర్చుంది. "ఆ యమ్మ లోపలికి పోతేనే మేమూ పోయేది" అంది. ఆడవాళ్లంతా ఆమె పక్కనే కూర్చున్నారు. పత్తి బండ్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. చివరికి సావుకారే వచ్చి నన్ను లోపలికి పిలిచాడు.

అమ్మ దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? చెల్లెల్ని బడి మానిపించవద్దు. వచ్చే బండిలో కొర్రలు కొంచెం పంపు. మన చర్చి సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు.

మేస్త్రి మీద నాకు కోపం లేదు. "బాగుండావా అన్నా" అని రోజూ ముందు నేనే పలకరిస్తాను. ఇంకా బదులు చెప్పడం లేదు. ఏదో ఒక రోజు చెప్తాడు. సాయంత్రం ప్రార్థనలో మన అందరి పేర్లతోపాటు ఉరుకుందప్ప పేరు కూడా చెప్పు నాయనా.