నా తొడ ఎముకలో తవ్వకం

3 మార్చి 2025, కుందుర్పి

నాకు చదువు రాదు. నేను చెప్తాను, ఎస్తేరు రాస్తుంది. ఇరవై ఏండ్లు నాతో కలిసి మట్టి మిద్దెలు పడగొట్టి, కట్టిన మనిషి. చెప్పింది చెప్పినట్టే రాయాలి, మెత్తగా చెయ్యకూడదు అన్నాను. నీ మాటలు మెత్తగా చేసేది నా చేత యాడయితాదిలే అక్కా అని నవ్వింది.

సంగతి ఇది. నా ఊపిరితిత్తిలో క్యాన్సర్. అక్కడి నుంచి కుడి తొడ ఎముకలోకి పోయింది. ఎముక విరగకముందే లోపల రాడ్ వెయ్యాలంటుంది డాక్టర్ హేమలత. నా కొడుకు కేశవ వద్దంటాడు. కత్తి తగిలితే అది ఒళ్ళంతా పాకుతుందని ఎవరో వాడికి చెప్పారు. ఆసుపత్రివాళ్ళు వాడి సంతకం కూడా అడుగుతున్నారు. నాకు నడవాలని ఉంది. ఇంతే నా కేసు.

5 మార్చి

నొప్పి. ఇంకేం లేదు.

8 మార్చి, అనంతపురం నుంచి వచ్చాక

ఈ రోజు డాక్టరమ్మను వదల్లేదు. ఊపిరితిత్తి యాడ, తొడ యాడ, దానికి దావ ఎట్ల దొరికిందమ్మా అని అడిగాను. ముందు, బీడీలు తాగినావా అవ్వా అంది. ముప్పై ఏండ్లు తాగినా, దాచేదేముండాది, నువ్వు దావ సంగతి చెప్పు అన్నాను. బయట ఇంకా పదిమంది కాచుకొని ఉన్నారు. అయినా స్కాన్ కవరు తిప్పి బొమ్మ వేసింది. నా మనవరాలి వయసు. ఎంత ఓపిక!

గడ్డలోంచి సెల్స్ విడిపోయి రక్తంలోకి దూకుతాయట. వేలల్లో దూకుతాయి, దాదాపు అన్నీ దారిలోనే చస్తాయి. చావనిది ఒకటి ఎముకలో మూలుగ దగ్గర, రక్తం నిదానంగా పారేచోట, పట్టు దొరికించుకుంటుంది. కొన్ని అక్కడే చప్పుడు చెయ్యకుండా ఏండ్ల తరబడి పడుకుంటాయి. కంటికి కనపడని దానికి అంత తెలివి! తిడదామనుకున్నాను, నోరు రాలేదు.

9 మార్చి, పొద్దున

నిన్న ఎస్తేరు చెయ్యి నొప్పి అంది. మిగతాది ఇప్పుడు.

ఎముక రాయి కాదు. అందులో రెండు గుంపుల సెల్స్ ఎప్పుడూ పనిలో ఉంటాయి. ఒకటి పాత ఎముకను కరిగించి తీసేస్తుంది, ఇంకొకటి కొత్తది పోస్తుంది. డెబ్బై రెండేండ్లుగా నా ఒంట్లో ఈ పని నడుస్తోందట. ఒక్కరోజు నాగా లేదు. నేను నడిపిన కూలి గుంపు ఏనాడూ అంత ఒద్దికగా చెయ్యలేదు.

క్యాన్సర్ సెల్‌కు పళ్ళు లేవు. ఎముకను తను తినదు. కట్టే గుంపుకు ఒక సైగ పంపుతుంది. వాళ్ళు మోసపోయి తవ్వే గుంపును పిలుస్తారు. ఆ గుంపు తవ్వుతూనే పోతుంది. ఎముకలో దాగి ఉన్న సత్తువంతా బయటపడుతుంది. అది తిని సెల్ పెరుగుతుంది, పెరిగి మళ్ళీ సైగ పంపుతుంది.

అక్కడ డాక్టరమ్మను ఆపాను. ఇది మాకు తెలిసిన పనే తల్లీ, పాత మిద్దెలు పడగొట్టి ఆ గోడల మన్ను శనక్కాయ చేన్లకు తోలుతాము, పంట ఎట్ల లేస్తాదనుకున్యావు అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. నేను చదివేటప్పుడు నువ్వు దొరికింటే బాగుండు గదవ్వా అంది.

12 మార్చి

కేశవ వచ్చాడు. వాడు సిమెంటు ఇండ్లు కట్టే మేస్త్రీ. కత్తి తగిలితే పాకుతాదిమా అని మళ్ళీ అదే మాట. ఒరే, అది కత్తి కోసం కాచుకోని లేదు, రక్తంలో పడి వచ్చి ఎప్పుడో ఇల్లు కట్టుకునింది అన్నాను. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకుమా అన్నాడు. నువ్వు మేస్త్రీవి గదరా, కింద గోడ తవ్వుతాంటే పైన దూలానికి ఊత పెట్టవా, పాత ఇల్లులే అని వదిలేస్తావా అని అడిగాను. రాడ్ వేస్తే నయమైపోతాదా అన్నాడు. కాదు అన్నాను. ఊత పెడితే గోడ కొత్తదైపోదు, దూలం నెత్తిన పడదు, అంతే.

వాడు నా కాలి మీద చెయ్యి పెట్టాడు. ఆ ఆపరేషన్ టేబుల్ మీదనే పోతావేమోనని భయంమా అన్నాడు. పోతే పోతాను, మంచంలో ఉచ్చ పోసుకుంటా పడుండను అన్నాను. ఇది కూడా రాయాలనా అక్కా అంది ఎస్తేరు. రాయి అన్నాను.

13 మార్చి

కేశవ సంతకం పెట్టాడు. పక్కనే నా వేలిముద్ర.

19 మార్చి, ఆసుపత్రిలో

రేపు ఆపరేషన్. గాయం మానాక కాలికి కరెంటు, అదే రేడియేషన్, పెడతారు. తవ్వే గుంపు చేతులు కట్టేసే సూది కూడా ఉందట. దవడకు చెరుపు చేస్తుందేమోనని ముందు పళ్ళు చూస్తారు. క్యాన్సర్ అంత గుట్టుగా నడిపించే సైగను ఎవరో కనిపెట్టి, దానికి అడ్డం పెట్టారు. ఎవరో, ఏ ఊరివాళ్ళో. వాళ్ళ కండ్లకు దండం.

నాకూ భయంగానే ఉంది. కేశవకు చెప్పలేదు.

24 మార్చి

ఇది నిలబడి చెప్తున్నాను. ఏడ్చేది ఆపి రాయవే ఎస్తేరూ.