బండ రంగు కాగితం మీదికి రావాలంటే

వికారాబాద్, సోమవారం

శంకరప్ప గారికి నమస్కారం,

మీ బండల కేటలాగు మొదటి నమూనా ఈ కవరులో ఉంది. నీలం బండ, పసుపు బండ పక్కపక్కనే వేశాను. కంప్యూటర్‌కి ఒక నీలం, ప్రింటర్‌కి ఇంకో నీలం తోస్తుంది. వాటికి రాజీ కుదిర్చే సెట్టింగు పేరు కలర్ ప్రొఫైల్. మా ప్రెస్సులో అవి పదకొండు ఉన్నాయి. రెండు రోజులు ఆలోచించి ఒకటి ఎంచుకున్నాను. ఎంచుకున్నాక అనుమానం మొదలైంది. పోయిన నెల ఒక పెళ్లికార్డులో ఎరుపు వంకాయ రంగై కూర్చుంది. ఇదీ తప్పితే రంగుల పని మానేస్తాను. కాగితాన్ని అసలు బండతో పోల్చి చెప్పండి.

ఇట్లు,
ఇస్మత్

తా.క. ఫోటో తీసి పంపకండి. ప్రతి ఫోనుకూ సొంత అభిప్రాయం ఉంటుంది. ఉత్తరం రాసి బస్సులో పంపండి.

తాండూరు, మంగళవారం

ఇస్మత్ మేడంకు దండాలు పెట్టి రాసేది,

పసుపు మంచిగున్నది. నీలమే మస్తు పల్చగైంది. మా బండ జర ముదురు. ఆదివారం బిల్డర్లు వస్తున్నరు. కాయితంల ఒక రంగు, లారీల ఒక రంగు ఉంటె లోడు వాపస్ పంపుతరు.

మీ శంకరప్ప

తా.క. ఈ నీలం పదిసార్లు ఉతికిన నా లుంగీ లెక్కున్నదని మా భాగ్యశ్రీ అన్నది. పెండ్లాం మాట పట్టించుకోకుండ్రి. కాని నిజమే అన్నది.

వికారాబాద్, బుధవారం

శంకరప్ప గారికి,

ప్రొఫైల్ మార్చి నీలం ముదురు చేశాను. ట్యూబ్‌లైటు కింద, ఎండలో, గుమ్మంలో నిలబడి చూశాను. మూడు చోట్ల మూడు నీలాలు. ఏది నిజమో తేల్చుకోవడానికి ఎమ్మే తత్వశాస్త్రంలో కూడా ఇంత అలసిపోలేదు.

ఇస్మత్

తా.క. కళ్లు చూపించుకున్నాను. బాగున్నాయన్నాడు డాక్టరు. ఆ గది గోడ ఏం రంగని అడిగితే తెలుపన్నాడు. నాకు మీగడ రంగనిపించింది.

తాండూరు, గురువారం

మేడం,

నీలం ఈపారి కుదిరింది, కాని నిలుస్తలేదు. పసుపులకు పారి నడిమిట్ల ఆకుపచ్చ బండ తయారైంది. గసొంటి బండ మా క్వారీల లేదు. ఫికర్ చేయకుండ్రి, మళ్ల పంపుండ్రి.

శంకరప్ప

తా.క. ఆకుపచ్చ బండ ఎంతకిస్తరని ఇద్దరు అడిగిన్రు.

వికారాబాద్, శుక్రవారం

శంకరప్ప గారూ,

కాగితం మార్చాను. దానికి తగ్గ ప్రొఫైల్ పెట్టాను. పూటంతా ఆరబెట్టాను. ఇక్కడ వేలితో రుద్దినా చెదరని రంగు, మీ దగ్గరికొచ్చి ఎందుకు పారుతోందో తెలియడం లేదు. నాకు ఈ పని రాదేమో. ఇదే చివరి నమూనా. ఇదీ చెదిరితే పని వేరేవాళ్లకి ఇచ్చుకోండి, నొచ్చుకోను. కాగితాన్ని మీరెలా చూస్తున్నారో మాత్రం వివరంగా రాయండి.

సెలవు,
ఇస్మత్

తా.క. నొచ్చుకుంటాను.

తాండూరు, శనివారం

ఇస్మత్ మేడంకు,

అందరు చూసినట్లే చూస్తం. ఎండిన బండ దాని రంగు చెప్పదు. గిరాకి రాంగనె చెంబెడు నీళ్లు పోసి చూపిస్తం. మా నాయిన కాలం నుంచి గంతే. మొదటిపారి బండ మీదనే పోసిన. తర్వాత, బండకొక న్యాయం కాయితానికొక న్యాయం ఎందుకని, కాయితం మీద గూడ చెంబెడు పోసిన.

మీ ఉత్తరం చదివి భాగ్యశ్రీ చెంబు గుంజుకున్నది, కాని అప్పటికే నిన్నటి కాయితం గూడ తడిసింది. తడవనిది మీ మొదటి కాయితమొక్కటే మిగిలింది. రెండు ఎండిన బండలు పక్కపక్కన పేర్చి, అంచులు కత్తిరించి, అతుకు మీద పెట్టినం. ఏడ బండ ఖతమైందో ఏడ కాయితం షురువైందో దొరకలే. గట్లనే వంద కొట్టుండ్రి. రేపు పొద్దటి బస్సుకు అందాలె.

మీ శంకరప్ప

తా.క. గా మొదటి కాయితం వాపస్ అడగకుండ్రి. మా పనోడు బిచ్చయ్య బండే అనుకుని పాలిషు పట్టిండు.