తెరకు అటువైపు

3 ఫిబ్రవరి 1955, కేతేపల్లి

సౌండ్ మిషన్ మళ్లీ మొండికేసింది. బాగయ్యేదాకా పాత మూకీ బొమ్మే ఆడిద్దామన్నాడు మా టెంటు సినిమా ఓనర్ బషీర్ సాబ్. తెర పక్కన నిలబడి, బొమ్మ మధ్యలో పడే ఇంగ్లీషు రాతల కార్డులు చదివి జనానికి కథ చెప్పడం నా డ్యూటీ. మెట్రిక్ పాసైనందుకు దక్కిన ఉద్యోగం ఇదీ.

కథ బాగానే ఉంది. ఒక పిల్ల చనిపోయిన ప్రియుడి కోసం మృత్యువు దగ్గరికి పోతుంది. మృత్యువు ఆమె గొంతు తీసుకుని, అతణ్ని రెండు తలుపుల ముందు నిలబెడతాడు. కుడి తలుపు బతుకు, ఎడమ తలుపు చావు అని కార్డు చదివి చెప్తాను. ఆమెకు తెలుసు, చెప్పడానికి గొంతు లేదు. అక్కడ నేనూ నోరు మూసుకుంటాను. అతను కుడి తలుపులోకి పోతాడు, తలుపు మూసుకుంటుంది, బొమ్మ అయిపోతుంది.

మగవాళ్లు ఈలలు వేస్తారు. ఆడవాళ్లకు జాగా తెర వెనక. పలచటి బట్ట కాబట్టి బొమ్మ అటువైపూ కనబడుతుంది. వాళ్లు మాత్రం ఏడుస్తారు. సంతోషంతో కాబోలు.

4 ఫిబ్రవరి

కౌసల్యకు మళ్లీ కడుపునొప్పి. గడ్డ ఉంది, ఆపరేషన్ తప్పదు, సోమవారం రమ్మన్నాడు నల్గొండ దవాఖాన డాక్టర్. ఈమె అవునూ అనదు, కాదూ అనదు. ఇయ్యాల బొమ్మ చూసొచ్చి చెప్త అంది. నా పెళ్లానికి డాక్టర్ కన్నా బొమ్మ మీదే గురి.

5 ఫిబ్రవరి

బొమ్మ చూసొచ్చాక దవాఖానకు రానంటే రానంది. బతిమాలాను, అరిచాను. గోడవైపు తిరిగి పడుకుంది.

7 ఫిబ్రవరి

లేచి చూస్తే లేదు. హుజూర్‌నగర్ బస్సెక్కి తల్లిగారింటికి పోయిందట.

12 ఫిబ్రవరి

బషీర్ సాబ్ భార్య ఇక్బాల్ బీ ఇవాళ నోరు విప్పింది. బొమ్మల పిలగాడు బతికితే నేను గూడ దవాఖానల కోతకు పోత అని కౌసల్య మనసులో అనుకుందట. ఆడు ఎడమ తలుపులకే పాయె, ఇగ నేనేం బతుకుత అని ఏడ్చిందట.

ఎడమ ఎక్కడిది? ఆమెతో వాదించాను. బషీర్ సాబ్‌తో చివరి రీలు వేయించి తెర వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

అటువైపు నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారు. అతను ఎడమ తలుపులోకి పోయాడు. ఇన్ని ఊళ్లలో ఆడవాళ్లకు నేను చావు చూపించాను. నేనెంత గాడిదను.

15 ఫిబ్రవరి

తీసుకొచ్చాను. మధ్యాహ్నం టెంటు మూసేసి, ఆమె ఒక్కదాని కోసం బషీర్ సాబ్ ఆ రీలు వేశాడు. తెర ముందు, మగవాళ్ల బెంచీ మీద కూర్చుంది. తలుపు మూసుకోగానే నా చెయ్యి గిల్లింది. గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా, మంచోనివే దొరికినవు నాకు అని నవ్వింది. రేపే దవాఖానకు పోదామంది.

నవ్వుతుంటేనే ఆమెకు చెమటలు పట్టాయి. నేను నవ్వే చూశాను.

17 ఫిబ్రవరి, నల్గొండ

ఆలస్యమైందన్నాడు డాక్టర్. గడ్డ లోపలే పగిలిందన్నాడు.

18 ఫిబ్రవరి

కౌసల్య లేదు.

6 మార్చి, కేతేపల్లి, సాయంత్రం

ఇవాళ మళ్లీ ఆట. సౌండ్ మిషన్ ఇంకా రాలేదు. మానుకొమ్మన్నాడు బషీర్ సాబ్, పాపం. నేనే చేస్తానన్నాను. ఈసారి తలుపు దగ్గర ఊరుకోను. కుడి తలుపే అని తెర వెనక్కి వినబడేలా అరుస్తాను. ఒక్క ఆడమనిషి కూడా ఏడ్చుకుంటూ ఇంటికి పోకూడదు.

అదే రోజు, ఆట అయ్యాక

నాకు గొంతు రాలేదు.

తెర వెనక నుంచి ఒక ఆడగొంతు అంది, కుడి తలుపులకే పోయిండు, బతికిండు, ఏడ్వకుండ్రి అని. ఎవరూ ఏడవలేదు.

ఇక్బాల్ బీ ఇవాళ రాలేదు. ఆ తలుపును తెర ముందు కూర్చుని చూసిన ఆడమనిషి ఒక్కతే.