పన్నెండో నంబరు పళ్లెం

సిద్దిపేట,
14-5-1991

కౌసల్యమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ అనాథాశ్రమంలో పెరిగిన మేమంతా ఏటా మా ఇంట్లో కలుస్తున్నామని తెలిసి సంతోషమైందని, ఈసారి మీరూ వస్తానని రాశారు. మా చేత శాలువా కప్పించుకోవాలని కూడా ఉందట. రావద్దు.

మీరు నేర్పిన పద్ధతి మేము మానలేదు. ఇప్పటికీ మీరు మాకిచ్చిన నంబర్ల ప్రకారమే బంతిలో కూర్చుంటాం. అన్నం ముట్టే ముందు వరుసగా లెక్క చెప్తాం. స్వరాజ్యలక్ష్మి పదకొండు అంటుంది. ఆమె పక్కన ఖాళీ పళ్లెం పెడతాం. అక్కడ అందరం ఒక క్షణం ఆగి, పదమూడుకు పోతాం.

పన్నెండు ఆమె చెల్లెలు. దవాఖానలో చనిపోయిందని మీరు చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్లు నమ్మాం. మొన్న మీ పాత ఆయా యాదవ్వ మా ఇంటికి వచ్చి, "సచ్చిపోలేదు బిడ్డా. కౌసల్యమ్మనే పిల్లలు లేనోళ్లకు ఇచ్చి పంపింది. అక్కను సుత తీస్కపోమంటే వాళ్లు వద్దన్నరు" అని ఏడ్చింది.

మీ ఉత్తరం స్వరాజ్యలక్ష్మికి చదివి వినిపించాను. "శాలువా నేనే కొంట అక్కా, గా ఊరి పేరు చెప్పుమను" అన్నది. నేను కొననివ్వను.

జవాబు కార్డు జతచేశాను. మా చిరునామా నేనే రాశాను. గుర్తులేదని మాత్రం రాయకండి. యాభై మంది నంబర్లు ఒక్కటీ తప్పకుండా పిలిచిన మనిషి మీరు. ఆ పిల్లను ఏ ఊరికి, ఎవరింటికి పంపారో రాస్తే చాలు. క్షేమసమాచారాలు అక్కర్లేదు.

ఇట్లు,
పదిహేడో నంబరు