ఒక్కరు పట్టే బెర్తు

యనమలకుదురు,
విజయవాడ.

అమ్మాయి ఆఫ్రీన్‌కు అమ్మ మనసారా చేసే దువాలు. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ, మీ నాన్నా, మెట్ల కింద నా కుట్టుమిషనూ, గుమ్మం ముందు ఆయనగారి జీపూ అందరం క్షేమం. నువ్వూ నీ బడిపిల్లలూ ఆ అరుణాచల్ కొండల చలికి తట్టుకుని కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉసిరికాయ పచ్చడి సీసా పగలకుండా చేరిందని రాశావు. ఆ ఒక్క మాటతో నా ప్రాణం కుదుటపడింది.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని నీ తోటి టీచర్లు నవ్వుతున్నారట. నవ్వనీ. ఫోన్‌లో మాట్లాడితే మీ నాన్న పక్కన చేరి స్పీకర్ పెట్టమంటారు. ఆయన వినకూడని మాటలు నాకూ నాలుగుంటాయి కదా!

కిందటి ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. అంత దూరం రావడానికి ఆ పాత డీజిల్ జీపు తప్ప ఇంకో బండి దొరకలేదా అన్నది మొదటిది. నేనూ అదే అడిగాను. "కొత్త బండికి జబ్బు చేస్తే కంప్యూటర్ తేవాలి సాలేహా, దీనికైతే ఒక స్పానరు, రెండు తిట్లు చాలు" అన్నారు. ఇరిగేషన్ వాళ్లు వేలంలో వదిలించుకున్న బండి అది. కాలవ గట్ల మీద తిరిగి తిరిగి అరిగిపోయింది. కానీ నాలుగు చక్రాలూ లాగే రకమట. అందుకోసమని పక్కనే ఉండే ఆ రెండో గేరు రాడ్ వేసి చూపించినప్పుడు ఆయన మొహం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

రెండోది మోకాలి నొప్పి సంగతి. జీపు కింద దూరినప్పుడు ఉండదు. కరివేపాకు తెమ్మంటే వస్తుంది.

ఇక మూడోది, నాన్న ఒక్కరే వస్తున్నారా, నువ్వు కూడానా అని. దానికి జవాబు ఇప్పుడే రాయలేను. చేయి రావడం లేదు. ముందు జీపు సంగతి రాస్తాను.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే డేనియల్ గుర్తున్నాడుగా, క్రిస్మస్‌కి మనకి కేకు పంపుతాడు. జీపు పనంతా అతని షెడ్డులోనే. నువ్వు పంపిన జీపు ప్రయాణాల వీడియోలు మీ నాన్న అతనికి చూపించారు. టాప్ మీద గుడారం వేసుకుని పడుకునే దొరలను చూసి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. "నిద్దట్లో దొర్లితే తిన్నగా రోడ్డు మీదకేనండీ" అన్నాడు డేనియల్. గుడారం వద్దనుకున్నారు గానీ, ఇంజను గాలి పీల్చుకునే గొట్టాన్ని అద్దం పక్కనుంచి టాప్ దాకా లేపే ఏర్పాటు మాత్రం మీ నాన్నకు తెగ నచ్చింది. బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడ్డ ఏడాది మునిగిన బండ్లను చూసినవాళ్లకు ఆ గొట్టం విలువ వేరే చెప్పాలా?

వెనక బల్లలు తీసేశారు. కుదుపులు తట్టుకునే కమాన్ కట్టలు కొత్తవి వేశారు. డీజిల్‌కు రెండో ట్యాంకు, నీళ్లకు కుళాయి ఉన్న డ్రమ్ము, టాప్ మీద క్యారియరు. లారీకి ఉన్నట్టే బాడీ కింద స్టవ్వు, బియ్యం పెట్టుకునే ఇనప పెట్టె. ఏ సామాను ఎక్కడ పెట్టాలో మీ నాన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లు లారీయే ఆయన ఇల్లు, మన ఇల్లు మధ్యలో వచ్చే స్టాపు.

స్టాపు అనడం కూడా తప్పేనే. నీకు గుర్తుండదు, అప్పుడు మనం హనుమాన్ జంక్షన్లో అద్దెకుండేవాళ్లం. ముదినేపల్లి దగ్గర చెరువుల్లో చేపల లోడెత్తి, ఐసు దట్టించి, గువాహటికి బయల్దేరేవారు. లారీ మన వీధి చివర నుంచే పోయేది. ముందే కబురు చేసేవారు. నిన్ను చంకనేసుకుని, చేతిలో క్యారేజీతో రోడ్డు పక్కన నిలబడేదాన్ని. లారీ నెమ్మదించేది, అంతే. ఆగేది కాదు. కిటికీలోంచి పాత క్యారేజీ నా చేతికొచ్చేది, కొత్త క్యారేజీ పైకి వెళ్లేది. నేను నాలుగడుగులు లారీతో పాటు నడుస్తూ నీ చేయి ఊపించేదాన్ని. ఒక్క నిమిషం ఆపకూడదా అని ఎన్నిసార్లడిగానో! "ఆపితే ఐసు కరుగుద్ది" అనేవారు. వెనక నుంచి ఐసునీళ్లు కారుతూ రోడ్డు మీద తడిచార పడేది. అది ఆరేలోపు లారీ కలపర్రు దాటేసేది. ఆ చేపల వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు కళ్లు చెమరుస్తాయి. నవ్వకు.

కోపముండేది కానీ, ఆ రోజులు మళ్లీ ఇస్తానంటే కాదనను. పొద్దున్నే లేచి, ఆయనకు ఇష్టమని గోంగూర మాంసం వండి, మూత గట్టిగా బిగించి, మల్లెపూలు పెట్టుకుని మరీ నిలబడేదాన్ని, ఆ నాలుగడుగుల కోసం. పక్కింటి రావమ్మ గారు "లారీకి పేరంటం పిలుస్తున్నావా అమ్మాయ్" అని ఏడిపించేది.

సరే, అసలు సంగతికొస్తాను.

కిందటి నెల మీ నాన్న షెడ్డు నుంచి వచ్చి, జేబులోంచి టేపు కొలతలున్న అట్టముక్క తీసి నా మిషను మీద పెట్టారు. "వెనక బెర్తుకి స్పాంజీ వేసి మంచి రెగ్జిను కుట్టు" అన్నారు. ఊళ్లోవాళ్ల లారీలకు ఇన్నేళ్లు సీట్లు కుట్టిన దాన్ని, కొలత చూడగానే తెలిసిపోయింది. ఒక్క మనిషికే సరిపోయే వెడల్పు.

ఆ జీపు కొన్న రోజు నుంచి ఆయన నన్ను రమ్మన్నది లేదు, వద్దన్నదీ లేదు. నేనూ అడగలేదు. పిలవని పేరంటానికి వెళ్లడం ఎందుకని ఊరుకున్నాను. ఇన్నేళ్లూ దారికి వదిలేశాను, ఇప్పుడైనా నాకు దక్కుతారనుకుంటే మళ్లీ దారే పట్టుకుపోతోందని ఏడుపొచ్చింది. అట్టముక్క మీద రెండో అంకె ఏముందో చూశాను గానీ, అది బుర్రకెక్కలేదు.

నీకు చెప్పాలనుకున్నది ఇదే. మీ నాన్నకు నోరు తెరిచి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. నేను ఆ పరుపు కొలత తెలిసే తప్పు కుట్టాను. పొడవు అలాగే ఉంచి, వెడల్పు ఇద్దరికి సరిపోయేలా కోశాను. ముదురు ఎరుపు రెగ్జిను, అంచుకు తెల్ల పైపింగు. మనసులో ఉన్నది నోటితో అడగలేక మిషను మీద కుట్టేశాను.

బిగించే రోజు నేనూ షెడ్డుకు వెళ్లాను. పరుపు తీసి బెర్తు చెక్క మీద పెడితే సగం గాల్లో వేలాడింది. డేనియల్ తల గోక్కుని, "అమ్మగారూ, కొలత ఎక్కడో తేడా వచ్చినట్టుందండీ" అన్నాడు.

"ఏం తేడా రాలేదు" అన్నాను. మీ నాన్న వైపు తిరిగి, "ఇందులో నేనెక్కడ పడుకోవాలండీ?" అని అడిగేశాను.

ఆయన వింతగా చూశారు. "ఎక్కడేంటే? అక్కడే. ఆ బెర్తు నీదేగా!"

"మరి మీరు?"

"నేను తోల్తాగా. ఇద్దరం ఒకేసారి పడుకుంటే బండెవరు తోల్తారు?"

డేనియల్ టేపు తీసి చెక్క పొడవు కొలిచాడు. "అమ్మగారూ, ఇది అయిదడుగులకి కాస్త ఎక్కువంతేనండి. సాయిబు గారు ఇందులో పడుకుంటే కాళ్లు బయట రోడ్డు మీద పెట్టుకోవాల" అన్నాడు.

అయిదడుగులు నేను. మీ నాన్న ఆరడుగుల మనిషి. వెడల్పు చూసి కళ్లు మండి, పొడవు ఎవరిదో గుర్తుపట్టలేదు. ఆయన లారీ లెక్కే వేశారు. ఒకరు తోలుతుంటే ఒకరు పడుకోవాలి, బండి మాత్రం ఆగకూడదు. తనకు నిద్ర లేని జీపులో నాకు మాత్రం పరుపు వేశారు. అక్కడే, గ్రీజు మరకల మధ్య నిలబడి ఏడ్చాను. డేనియల్ పాపం టీ తెస్తానని వెళ్లిపోయాడు.

"నేను పడుకుంటే, మీరు తోలితే, ఇంక కలిసి వెళ్లడమేంటండీ? పొద్దుగూకితే బండి ఆపాలి" అన్నాను.

"ఆపి?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. "ఆపి ఏం చేద్దాం?"

నాకు మాత్రం ఏం తెలుసు, మేమెప్పుడు ఆగాం గనక?

నీళ్ల డ్రమ్ము చిన్నది చేసి, బెర్తు వెడల్పు చేశారు. పొడవూ పెంచారు. ఎరుపు పరుపుకు నేను కాళ్ల దగ్గర అతుకు వేశాను, కనిపిస్తుంది గానీ ఫరవాలేదు. కిందటి ఆదివారం పరీక్షకని కరకట్ట మీదుగా అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి దాకా వెళ్లాం. పసుపు చేలు, అరటితోటలు, కట్ట పొడుగునా కృష్ణ. నేను ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో టీ కొట్టు కనిపించిన ప్రతిసారీ "ఆపండి" అంటే, "ముందు ఇంకోటుంటది" అంటూ పోయారు. చివరికి సముద్రమే అడ్డమొచ్చింది. ఇసకలో ఆ రెండో గేరు రాడ్ వేసి, అలల దగ్గర దాకా తీసుకెళ్లి ఆపారు. ఇంజను మాత్రం ఆపలేదు. కాసేపటికి నేనే చేయి చాపబోతే, తనే తాళం తిప్పారు.

అంత నిశ్శబ్దంలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. ఆయన నా వైపు చూసి, "జంక్షన్లో క్యారేజీ ఇచ్చాక నువ్వు అక్కడే నిలబడేదానివిగా. సైడ్ మిర్రర్‌లో చుక్కంత అయ్యేదాకా చూసేవాణ్ణి. నిన్ను తిన్నగా చూసిందాని కంటే అద్దంలో చూసిందే ఎక్కువనుకుంటా సాలేహా" అన్నారు.

నేను వెనక్కి తిరిగి వెళ్లేదాకా ఆయన దారి వైపే చూస్తున్నారనుకున్నానే, ఇన్నేళ్లూ!

కాబట్టి నీ మూడో ప్రశ్నకు జవాబు, నేనూ వస్తున్నాను. ఎప్పుడు చేరతామని మాత్రం అడగకు. లారీ రోజుల్లోలా లెక్క చెప్పడం ఇప్పుడు ఆయనకూ చేతకావడం లేదు. స్వెట్టరు అల్లడం అయిపోవచ్చింది, నీ చేతుల పొడవు మారలేదుగా? రాయి.

ఆ రోజు తిరిగి వస్తూ మోపిదేవి దాటాక, నేను అడగకుండానే ఆయన బండి పక్కకు తీసి ఆపేశారు. అక్కడ టీ కొట్టు లేదు, చెట్టు నీడా లేదు, ఉత్త అరటితోట గట్టు. నాకు భయమేసి, "ఏమైందండీ, ఇంజనేమైనా వేడెక్కిందా?" అన్నాను.

"ఏం కాలేదే" అన్నారు. "ఊరికే ఆపా."

ఇట్లు,
నిన్ను చూడడానికి బయల్దేరుతున్న
మీ అమ్మ,
సాలేహా