దూది కోటు

మీకు,

మన ప్రకాశం కూడా పటాలంతో మంచుకొండల్లోకే పోతున్నాడు. రేపు నంద్యాల స్టేషన్‌లో రైలెక్కాలి. ఆళ్లగడ్డ నుంచి మామయ్య పొద్దున్నే బస్సులో వచ్చారు. అప్పట్లో మీకు కుట్టించినట్టే, మన చేని పత్తితో మనవడికీ దూది కోటు కుట్టించి తెచ్చారు.

వాడు దాన్ని చూసి నవ్వాడు. "తాతా, ఇది ఆడ పనికిరాదు. మంచులో గుంత తవ్వాల, చుట్టూ మంచునే గట్టిగా తొక్కి గోడ పెట్టాల, లేకుంటే తూటా ఆగదు. ఆ పనిలో చెమట పట్టిందంటే దూది తాగేస్తాది. పని ఆపినంక ఒంటిమీదే గడ్డకడతాది."

మామయ్య కోటును ఒళ్లోకి తీసుకుని దాని కుట్లు తడిమారు. మీరు పోయింది తూటాకు కాదు, చలికి అని పటాలం వాళ్లు చెప్పింది వాడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"మీ నాయన ఇట్లాంటిదే తొడుక్కునె కదప్పా?" అన్నారు మామయ్య.

"పండుకునేటప్పుడు తొడుక్కునింటాడులే తాతా. ఒళ్లు పొడిగా ఉంటే దీన్ని మించింది లేదు. ఇట్లియ్యి," అని వాడు కోటు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

మామయ్య ప్రార్థన చేసి, కడుపునిండా అన్నం తిన్నారు.

వాడు నిజమే చెప్పాడో, ముసలాయన కోసం కల్పించాడో నాకు తెలియదు. కోటు వెచ్చగా ఉందని మీరు ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. అదీ ఇలాగే రాశారేమోనని ఇవాళే మొదటిసారి అనిపించింది. ఇకమీదట వాడి ఉత్తరాలు వస్తాయి. వెచ్చగానే ఉందని వాడూ రాస్తే, నేను నమ్మాలా?