జుబేదా ఆపాకు, పాల పరీక్ష ముచ్చట

ఆపా, సలాం.

మీరు బడి ఇడిచి పోయి ఎనిమిది నెలలాయె. శాలిబండల మన ఆడపిల్లల బడి గట్లనే ఉన్నది. మీ సైన్స్ క్లాసు ఇప్పుడు నేనే చెప్తున్న. చెప్తున్న అంటున్న గాని... అలిసిపోయిన ఆపా.

మీరున్నప్పుడు పిల్లలు అదెందుకు, ఇదెందుకని మీ కొంగు వట్టుకొని తిరుగుతుండిరి. నా క్లాసుల నోరు మెదపరు. ఉర్దూ పుస్తకంల ఉన్నది ఉన్నట్టు అప్పజెప్తరు. అర్థమైందా అంటే తలూపుతరు. ఏమర్థమైందంటే నేల చూస్తరు. తప్పు నాదేనా?

నాదే అనుకుంట. మీరు పోయిన నెలకే ఒక పిల్ల చేతుల థర్మామీటర్ పగిలింది. యుద్ధం మూలాన గాజు సామాను దొర్కుతలేదని పెద్ద పంతులమ్మ అల్మారాకు తాళమేయించింది. నేను ఎదురు చెప్పలే. బోర్డు మీద బొమ్మలు గీసుకుంట నెట్టుకొచ్చిన. "ముందు వాళ్ల చేతికియ్యి సుశీలా, మాటలు తర్వాత" అని మీరెన్నిసార్లు చెప్పిండ్రు... యాదికొచ్చినా రానట్టే ఉన్న.

పోయిన నెల, వచ్చే ఏడాదికి సైన్స్ తీసుకునేటోళ్ల పేర్లు అడిగిన. ఒక్కతి చెయ్యెత్తలే. అందరు కుట్టుపనే రాయమన్నరు. మాకు సైన్స్ రాదు పంతులమ్మా, అన్నరు. ఎంత మామూలుగ అన్నరో... బయట ఎండ కొడుతున్నదని చెప్పినట్టు.

ఆ దినమే తాళంచెవి అడిగి తీస్కున్న. ధైర్యమొచ్చి కాదు, చెప్పెటందుకు మాటలు లేక. లోపల పాలు పరీక్షించే గాజు నాళిక కనవడ్డది, నీళ్లు కలిసిన పాలల్ల కిందికి దిగేది. వెనక వరుసల కూసునే యాదమ్మ మీకు యాదికున్నదా? పాలోళ్ల బిడ్డ. పాలు తెమ్మన్న. తెచ్చింది గాని, నాళికను జూసి మొహం తిప్పుకున్నది.

ఏందని అడిగితే మెల్లగ చెప్పింది. పోయిన చలికాలం పాలు తనిఖీ జేసే ఒకాయన గిసొంటి నాళికే ముంచి, నీళ్లు కలిపిండ్రని వాళ్ల బాపు బిందెడు పాలు మోరీల పారబోయించిండట. వాళ్లు చుక్క కలపలేదట. అప్పటి సంది బాపు బజార్ల తలెత్తి నడుస్తలేడట.

ఆ పారబోసిన పాలు ఎప్పుడు పిండినయని అడిగిన. అప్పుడే పిండినయి, వెచ్చగనే ఉండె అన్నది.

కుంపటి మీద పాలను గంతే వెచ్చజేసి నాళిక ముంచినం. దిగిపోయింది, నీళ్లు కలిసినట్టే చూపెట్టింది. గిన్నెను చల్లటి నీళ్లల్ల పెట్టి చల్లారేదాంక ఆగినం. అవే పాలు ఆపా... నాళిక మీదికి లేచింది. పిల్లలందరు బల్ల మీద వంగి చూసిండ్రు. యాదమ్మ మళ్లొకసారి చేస్త అన్నది. మూడుసార్లు చేసింది, తన చేతులతోనే. ఆ తనిఖీ జేసినాయనకు ఇది తెల్వదా పంతులమ్మా, అని అడిగింది.



రెండు దినాలకు వాళ్ల బాపు బడి దర్వాజ కాడ నిలవడ్డడు. చూసింది కాయిదం మీద రాసియ్యమన్నడు. పెద్ద పంతులమ్మ మనకెందుకీ లొల్లి అన్నది. నేను ఇంక ఆలోచిస్తనే ఉన్న, యాదమ్మ కలం తీస్కున్నది. వెచ్చగున్నప్పుడు గింత, చల్లారినంక గింత, మేం కండ్లతోని చూసినం అని ఉర్దూల రాసి, కింద తన పేరు పెట్టింది. ఆ కాయిదం ఎవరన్న చదివిండ్రో లేదో తెల్వదు. ఆయన మాత్రం దాన్ని మడిచి రుమాలల పెట్టుకొని, బజారు నడుమకెల్లి పోయిండు.

సైన్స్‌కు నాలుగు పేర్లొచ్చినయి. ముందుగాల యాదమ్మదే. నలుగురి కోసం క్లాసు నడపరట, తీసేస్తరట. నాకు కొట్లాడే ఓపిక ఉన్నదో లేదో...

తీసేస్తే మా ఇంట్లనే చెప్త ఆపా. బల్ల లేదు, చాప మీదనే. ఈ మాట పొద్దుగాల ఆ నలుగురికి చెప్పిన. ఇంట్లోళ్లు పంపకుంటే నేనే పోయి అడుగుత. పోతనే ఉంట.

మీ చెల్లె,
సుశీల